ఎవరూ వచ్చి చూడని షెడ్డుకి ఐఎస్‌ఓ ఎలా వస్తుంది?

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి దగ్గర ఒక ఊరు. ఆరేళ్ళుగా ఇంటి వెనక రేకుల షెడ్డులో పచ్చళ్ళు, పొడులు చేసి అమ్ముతున్నాను. నలుగురు ఆడవాళ్ళు నా దగ్గర పని చేస్తారు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశపు ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ ఉంది, అంతకు మించి ఏ కాగితమూ లేదు. ఈ మధ్య హైదరాబాద్‌లో రెండు సూపర్‌మార్కెట్లకు శాంపిళ్ళు పట్టుకెళ్తే రుచి బాగుందన్నారు గానీ, "సర్టిఫికెట్లు ఏమున్నాయి?" అని అడిగారు. మా అబ్బాయి స్నేహితుడు డాలస్‌లో ఇండియన్ స్టోర్ పెట్టాడు, అక్కడికీ పంపమంటున్నాడు. ఇంతలో ఒకాయన ఫోన్ చేసి ఐఎస్‌ఓ 9001, ఐఎస్‌ఓ 22000, హ్యాసప్, జీఎంపీ, అమెరికా ఎఫ్‌డీఏ, ఐదూ కలిపి 18,000 రూపాయలకి మూడు రోజుల్లో ఇప్పిస్తానన్నాడు. ఎవరూ వచ్చి చూడక్కర్లేదట, షెడ్డు ఫొటోలు వాట్సాప్‌లో పెడితే చాలట. 5,000 అడ్వాన్సు పంపాను. మిగతాది కట్టమని రోజూ ఫోన్లు. మా వారు "అందరూ అలాగే తెచ్చుకుంటున్నారు, కట్టెయ్" అంటున్నారు. పక్క ఊరి వాళ్ళ సీసా మీద ఐదు లోగోలు ఉన్నాయి. నాకేమో మనసు ఒప్పుకోవడం లేదు. ఏం చెయ్యమంటారు?
— ఒక సోదరి, గుంటూరు జిల్లా

సమాధానం:

అమ్మా, ఆ మిగతా 13,000 కట్టకండి. ఈ ఉత్తరం చదవగానే ముందు ఫోన్ చేసి ఆ ఒక్క మాట చెప్పాలనిపించింది. మీ మనసు ఒప్పుకోలేదంటే అది చాదస్తం కాదు. మీ షెడ్డు గడప తొక్కని మనిషి మీ షెడ్డు శుభ్రంగా ఉందని సంతకం పెడతానంటున్నాడు. మీకు అక్కడే అనుమానం వచ్చింది. రావాల్సిన చోటే వచ్చింది.

నేను ఇరవై ఏళ్ళకు పైగా ఆహార పదార్థాల ఫ్యాక్టరీల్లో క్వాలిటీ విభాగంలో పని చేశాను. ఆడిట్లకు తయారైన రోజులున్నాయి, ఆడిట్ చేసిన రోజులూ ఉన్నాయి. అందుకని కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి. మీ వారికి కూడా చదివి వినిపించండి.

ఐఎస్‌ఓ అనేది జెనీవాలో ఉన్న సంస్థ, 1947లో మొదలైంది. అది ప్రమాణాలు రాస్తుంది, అంతే. ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. తన లోగోను కంపెనీలు వాడుకోవడానికీ ఒప్పుకోదు. సర్టిఫికెట్ ఇచ్చేవి వేరే సంస్థలు, వాటిని సర్టిఫికేషన్ బాడీలు అంటారు. ఆ సంస్థలకు ఆడిట్ చేసే అర్హత ఉందో లేదో తేల్చేది మరొక సంస్థ. మన దేశంలో ఆ పని చేసేది ఎన్ఏబీసీబీ, క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద ఉంటుంది. అంటే మిమ్మల్ని ఒకరు చూస్తారు, వాళ్ళను ఇంకొకరు చూస్తారు. ఈ రెండో చూపు లేని సర్టిఫికెట్‌ను ఎవరైనా కంప్యూటర్ ముందు కూర్చుని అచ్చు వేసుకోవచ్చు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, ఏదో విదేశీ పేరుతో సొంతంగా ఒక బోర్డు పెట్టుకుని, "మాకూ గుర్తింపు ఉంది" అంటారు. పేరు చూసి మోసపోకండి. ఆ సంస్థ పేరు ఎన్ఏబీసీబీ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. ఉంటే, ఏ ప్రమాణానికి ఉందో కూడా చూడండి. 9001కి గుర్తింపు ఉన్న సంస్థకు 22000కి కూడా ఉండాలనేమీ లేదు. విదేశీ సంస్థ అయితే ఐఏఎఫ్ సర్ట్‌సెర్చ్ అనే సైట్‌లో వెతకొచ్చు.

అసలైన ఆడిట్ రెండు దశల్లో జరుగుతుంది. మొదటి దశలో మీ కాగితాలు, ఏర్పాట్లు చూసి మీరు సిద్ధంగా ఉన్నారో లేదో చెప్తారు. రెండో దశలో పని జరుగుతుండగా నిలబడి చూస్తారు, పనివాళ్ళను అడుగుతారు, లోపాలు రాసిస్తారు. అవి సరిచేసి చూపించాకే సర్టిఫికెట్. దానికి మూడేళ్ళ గడువు, మధ్యలో ప్రతి ఏడాదీ మళ్ళీ వచ్చి చూస్తారు. మూడు రోజుల్లో ఇదంతా అయ్యే పని కాదు. ఇంకో ముఖ్యమైన నియమం ఉంది. మిమ్మల్ని తయారు చేసే కన్సల్టెంటూ, మీకు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థా ఒకటే కాకూడదు. పాఠం చెప్పిన మాస్టారే పరీక్ష పేపరు దిద్ది తనకు తానే ఫీజు తీసుకుంటే ఏమవుతుందో మీకు తెలుసు. ఈసారి ఆయన ఫోన్ చేస్తే రెండే అడగండి: "సర్టిఫికెట్ మీద ఏ సంస్థ పేరు ఉంటుంది? వాళ్ళ ఆడిటర్ ఏ తేదీన వస్తారు?" సూటిగా సమాధానం రాదు.

9001, 22000 ఒకటి కావు. 9001 అనేది పని ఒక పద్ధతిలో జరుగుతోందా లేదా అని చూసే ప్రమాణం. ఇనప చువ్వలు చేసే ఫ్యాక్టరీకైనా, ఆసుపత్రికైనా ఇస్తారు. మీ గోంగూర తినడానికి సురక్షితమని అది చెప్పదు. ఆహార భద్రత గురించి మాట్లాడేది 22000. మొదట 2005లో వచ్చింది, 2018లో మార్చారు. ఈ రెండూ సంస్థ నడిచే తీరుకు ఇచ్చేవి. సీసాలో ఉన్న సరుకుకు ఇచ్చేవి కావు. అందుకే ఆ గుర్తును సీసా మీద ముద్రించకూడదని నియమం. పక్క ఊరి వాళ్ళ సీసా మీద ఐదు లోగోలు ఉన్నాయని బాధపడకండి. అనుభవం ఉన్న కొనుగోలుదారు ఆ సీసా తిప్పి చూసి పక్కన పెట్టేస్తాడు. పైగా తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆహార భద్రత చట్టం 53వ సెక్షన్ కింద 10 లక్షల దాకా జరిమానా ఉంది. అది కట్టాల్సింది సీసా మీద పేరున్నవాళ్ళే. ఆ ఫోన్ ఆయన ఊరు కూడా మనకు తెలియదు.

ఇక ఎఫ్‌డీఏ, అంటే అమెరికా ప్రభుత్వపు ఆహార, మందుల నియంత్రణ సంస్థ. అమెరికా ఎఫ్‌డీఏ ఆహార కంపెనీలకు సర్టిఫికెట్ ఇవ్వదు. ఇచ్చే పద్ధతే లేదు. అక్కడికి సరుకు పంపే ఫ్యాక్టరీ తన పేరు వాళ్ళ దగ్గర నమోదు చేసుకోవాలి. ఆ నమోదుకు ఎఫ్‌డీఏ ఒక్క డాలర్ కూడా తీసుకోదు. అమెరికాలో ఒక ఏజెంటును చూపించాలి, ప్రతి సరి సంఖ్య సంవత్సరంలో అక్టోబరు 1 నుంచి డిసెంబరు 31 లోపు రెన్యువల్ చేసుకోవాలి. బంగారు అంచుతో, గద్ద బొమ్మతో మీకు వచ్చే కాగితం ఎఫ్‌డీఏ ఇచ్చింది కాదు, మధ్యలోవాళ్ళు గీయించుకున్నది.

మరి మీకు నిజంగా కావాల్సింది ఏమిటి? ముందు ఎఫ్ఎస్ఎస్ఏఐ. మీ దగ్గర ఉన్నది రిజిస్ట్రేషన్, అది చిన్న వ్యాపారానికి. నంబరు 14 అంకెలుంటుంది, మొదటి అంకె 2 అయితే రిజిస్ట్రేషన్, 1 అయితే లైసెన్సు. మీ అమ్మకం పెరిగి పరిమితి దాటితే లైసెన్సు తీసుకోవాలి, ఎగుమతి వ్యాపారమైతే కేంద్ర లైసెన్సు కిందికి వస్తుంది. పరిమితులను ప్రభుత్వం అప్పుడప్పుడూ మారుస్తుంటుంది కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సులిచ్చే ఫోస్కాస్ సైట్‌లో ఈ రోజు ఏముందో చూసే దరఖాస్తు చేయండి. ఆయన అమ్మజూపిన జీఎంపీ, అంటే తయారీలో పాటించాల్సిన మంచి పద్ధతులు, అది కూడా మీకు విడిగా అక్కర్లేదు. లైసెన్సింగ్ నిబంధనల్లో షెడ్యూల్ 4 అని ఒకటుంది. షెడ్డు గోడలు, నేల, నీళ్ళు, ఈగలు, ఎలుకలు, పనివాళ్ళకు ఏడాదికోసారి వైద్య పరీక్ష, అన్నీ అందులో రాసి ఉన్నాయి. అది ప్రింటు తీసి గోడకు అంటించి, ఒక్కో అంశం పక్కన "ఉంది", "లేదు" అని నిజాయితీగా రాసుకోండి. "లేదు" ఉన్నవి సరిచేసుకోవడానికి ఆ 13,000 పెట్టండి. దోమతెర తలుపులు, చేతులు కడుక్కోవడానికి విడిగా ఒక సింకు, బల్బులకు పగిలినా గాజు పడకుండా తొడుగులు, ఆ డబ్బులో చాలావరకు వచ్చేస్తాయి.

ఆయన చెప్పిన ఐదింటిలో మీకు నిజంగా పనికొచ్చేది హ్యాసప్. కాకపోతే కాగితంగా కాదు, పనిగా. దీని పుట్టుక వింటే మీకు నచ్చుతుంది. 1960లలో అమెరికాలో అంతరిక్షంలోకి వెళ్ళేవాళ్ళకు తిండి తయారు చెయ్యాల్సి వచ్చింది. అక్కడ ఒకరికి కడుపులో తేడా చేస్తే డాక్టరు లేడు. చేసిన ప్యాకెట్లన్నీ విప్పి పరీక్షిస్తే పంపడానికి ప్యాకెట్లే మిగలవు. అందుకని నాసా, పిల్స్‌బరీ కంపెనీ, అమెరికా సైన్యం ప్రయోగశాల కలిసి, చివర్లో పరీక్షించడం కంటే తయారీలో ఎక్కడ ప్రమాదం దూరుతుందో ఆ చోట కాపలా పెట్టడం మేలని తేల్చారు. మీరూ ప్రతి సీసా మూత తీసి చూడలేరు కదా. మీ అత్తగారు జాడీలో తడి గరిటె పెట్టనిచ్చేవారు కాదు, చూసే ఉంటారు. ఆవిడకు కాపలా ఎక్కడ పెట్టాలో తెలుసు. హ్యాసప్ దానికి మూడు కలుపుతుంది: ఎంత వరకు ఫరవాలేదో ఒక అంకె, ఆ అంకెను కొలిచి రాసిన పుస్తకం, అంకె దాటితే ఏం చెయ్యాలో ముందే అనుకున్న నిర్ణయం.

మీ పచ్చళ్ళలో ఆ అంకె పీహెచ్, అంటే పులుపు కొలత. ఇక్కడ కాస్త ఆగి చదవండి. పచ్చడి మీద నూనె తేలితే బూజు పట్టదు, గాలి తగలదు కాబట్టి. కానీ గాలి లేని చోటే పెరిగే సూక్ష్మజీవి ఒకటుంది, క్లాస్ట్రీడియం బాట్యులినం. అది పుట్టించే విషం మనిషి ప్రాణం తీస్తుంది, రుచిలో, వాసనలో తేడా తెలియకపోవచ్చు. పులుపు బాగా ఉంటే అది పెరగలేదు. దానికి గీత 4.6. పీహెచ్ ఎంత తక్కువైతే అంత పులుపు, కాబట్టి 4.6 కంటే కిందే ఉండాలి, ఇంకా కిందికి ఉంటే ధైర్యం. మామిడికాయ, గోంగూర, చింతకాయ, నిమ్మకాయ వాటంతట అవే పుల్లనివి, అక్కడ మీకు బెంగ తక్కువ. వెల్లుల్లి, అల్లం, ములక్కాడ, క్యాలీఫ్లవర్ అలా కావు. వాటిని కాపాడేది మీరు వేసే నిమ్మరసం, చింతపండు, ఉప్పు. ఒక ఏడాది చింతపండు పులుపు తక్కువైతే? పని చేసే అమ్మాయి కొలత తగ్గిస్తే? నాలుకకు తెలియకపోవచ్చు. మీటరుకు తెలుస్తుంది.

మంచి పీహెచ్ మీటరు ఒకటి కొనండి, దానితోపాటు 4, 7 విలువల బఫర్ ద్రావణాలు కూడా. కొలిచే ముందు ప్రతిసారీ వాటితో సరిచూసుకోవాలి. పచ్చడి ఊరాక, పులుపు ముక్క లోపలిదాకా దిగాక, పైన తేలిన నూనె తీసేసి, ముక్క, ఊట కలిపి మెత్తగా రుబ్బి కొలవండి. పైన ఊటలో మాత్రమే ముంచి చూస్తే ముక్క నడిబొడ్డున ఏముందో తెలియదు. ప్రతి వాయికీ ఒక నంబరు పెట్టి, తేదీ, కారం ఎక్కడ కొన్నారు, నూనె ఏ డబ్బాలోది, పీహెచ్ ఎంత, ఎవరు కొలిచారు, ఒక లైనులో రాయండి. అదే నంబరు సీసా మీద వెయ్యండి. రేపు హైదరాబాద్ నుంచి ఎవరైనా ఫోన్ చేసి "ఈ సీసాలో తేడా ఉంది" అంటే, ఆ వాయిలో ఎన్ని సీసాలు ఎక్కడికి వెళ్ళాయో పది నిమిషాల్లో చెప్పగలగాలి.

పుస్తకం ఏ రోజుది ఆ రోజే రాయాలి. దీని గురించి నా అనుభవం ఒకటి చెప్తాను. నేను కొత్తగా చేరిన ఫ్యాక్టరీలో ఆడిట్‌కి ముందు రోజు రాత్రి, రాయకుండా వదిలేసిన నెల రోజుల ఉష్ణోగ్రతలు కూర్చుని నింపాం. నేనూ రాశాను. మర్నాడు వచ్చిన ఆడిటర్, ఆవిడ పెద్దావిడ, రిజిస్టరు తిప్పి అడిగారు: "నెలంతా ఒకటే పెన్ను. ఆదివారం సెలవన్నారు, ఆ రోజు కొలిచిందెవరు?" నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. సర్టిఫికెట్ ఆగిపోయింది, అది సంగతి కాదు. ఆ నెలలో ఒక రోజు నిజంగానే కోల్డ్‌రూమ్ పాడైందని, ఆ సరుకు బయటికి వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. అప్పటి నుంచీ ఖాళీగా వదిలేసిన గడి కంటే అబద్ధంతో నింపిన గడికే ఎక్కువ భయపడతాను. కొలవడం మరిచిపోతే "కొలవలేదు" అని రాయండి.

కారం పొడి సంగతి పచ్చళ్ళలా కాదు, పూర్తిగా వేరు. అక్కడ మీ శత్రువు తేమ. మిరపకాయలు కల్లంలో సరిగా ఎండకపోయినా, వాన తగిలి తాలు కలిసినా, బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. దంచినా, వేయించినా అది పూర్తిగా పోదు. మన ప్రమాణాల్లో కారంలో తేమ 11 శాతం దాటకూడదు. యూరప్ వాళ్ళు కిలో కారంలో బీ1 రకం అఫ్లాటాక్సిన్ 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 దాటితే తిప్పి పంపిస్తారు. రెండో శత్రువు సూడాన్ రంగు, తిండిలో వాడకూడని రసాయన రంగు. 2003లో మన దేశం నుంచి వెళ్ళిన కారంలో అది దొరికింది. 2005లో బ్రిటన్‌లో అలాంటి కారం కలిసిన ఒక సాస్ వల్ల వందల రకాల సరుకులు దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద గొడవకు మూలం ఎవరో ఎర్రగా కనబడాలని కలిపిన చిటికెడు రంగు. కాబట్టి మీరు బజారులో పొడి కారం కొనకండి. కాయ కొని, తొడిమ తీయించి, తాలు ఏరించి, మీ ఎదురుగా పట్టించండి.

పరీక్షలకు ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌ల అర్హత తేల్చే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కే ఇవ్వండి. ల్యాబ్‌కి గుర్తింపు ఉంటే సరిపోదు, మీరు అడిగే పరీక్షకు ఆ గుర్తింపు ఉండాలి. ముందే "అఫ్లాటాక్సిన్ మీ స్కోప్‌లో ఉందా?" అని అడగండి. గుంటూరులోనే స్పైసెస్ బోర్డు వాళ్ళ ల్యాబ్ ఉంది, అగ్‌మార్క్ ప్రాంతీయ ల్యాబ్ ఉంది. దేశం మొత్తం మిరపకాయ కోసం మన గుంటూరు వైపు చూస్తుంది, ఆ సదుపాయం మీకు దగ్గర్లోనే ఉంది. ఒకసారి వెళ్ళి, కారం శాంపిల్ ఎలా ఇవ్వాలో, ఎంత అవుతుందో అడిగి రండి. కారానికి అగ్‌మార్క్ కావాలంటే కూడా అక్కడే దారి చెప్తారు. అది 1937 నాటి చట్టం కింద సరుకుకే ఇచ్చే గుర్తు కాబట్టి ప్యాకెట్ మీద వెయ్యొచ్చు. పచ్చళ్ళ తయారీ గురించి శాస్త్రీయమైన సలహా కావాలంటే మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐ వాళ్ళ కేంద్రం హైదరాబాద్ హబ్సిగూడలో ఉంది.

సూపర్‌మార్కెట్ల వాళ్ళను భయపడకుండా అడగండి: "మీకు ఏ కాగితాలు కావాలో ఒక మెయిల్‌లో పెట్టండి." చాలాసార్లు వాళ్ళకు కావాల్సింది ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు, ఇటీవలి ల్యాబ్ రిపోర్టులు, సరైన లేబులు, జీఎస్టీ. 22000 కావాల్సిందే అంటే, ఎన్ఏబీసీబీ గుర్తింపు ఉన్న సంస్థల్లో రెండు మూడింటి దగ్గర కొటేషన్ తీసుకోండి. అప్పటికి మీ పుస్తకం ఆరు నెలలది ఉంటే ఆడిట్ మీకు పరీక్షలా అనిపించదు.

డాలస్ సంగతి మాత్రం తొందరపడకండి. ఎగుమతికి ఐఈసీ కోడ్, అంటే ఎగుమతి దిగుమతులు చేసేవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే నంబరు, కావాలి. పచ్చళ్ళు అపెడా (వ్యవసాయ, ఆహార ఉత్పత్తుల ఎగుమతులు చూసే ప్రభుత్వ సంస్థ) పరిధిలోకి వస్తాయి, కారం స్పైసెస్ బోర్డు పరిధిలోకి. రెండింటికీ వేరువేరు రిజిస్ట్రేషన్లు. అమెరికాలో పులుపు చేర్చి నిలవ చేసే పదార్థాలకు ప్రత్యేకమైన నిబంధనలున్నాయి, నిపుణుడు ఆమోదించిన తయారీ పద్ధతిని ఎఫ్‌డీఏకి సమర్పించాలి. మీ పచ్చళ్ళలో ఏది దాని కిందికి వస్తుందో ఒక్కోటీ విడిగా తేల్చుకోవాలి. వెల్లుల్లి పచ్చడిని మామిడికాయతో ఒక గాటన కట్టలేం. లేబులులో ఇంకో చిక్కు: 2023 జనవరి 1 నుంచి అక్కడ నువ్వులు అలర్జీ కలిగించే పదార్థాల జాబితాలో ఉన్నాయి. మీరు గానుగ నువ్వుల నూనె వాడుతుంటే అది స్పష్టంగా రాయాల్సిందే. కెనడా, బ్రిటన్ వెళ్తే ఆవాలు కూడా రాయాలి.

మీ అబ్బాయి స్నేహితుడికి కూడా ఒక మాట చెప్పండి. సరుకు తెప్పించుకునే దిగుమతిదారే, పంపినవాళ్ళు సురక్షితంగా చేస్తున్నారని నిర్ధారించుకోవాలని 2011లో వచ్చిన అమెరికా ఆహార భద్రత చట్టం చెప్తోంది. ఆ బాధ్యత అతనిది. ఏ ప్రమాదాలు ఉన్నాయి, వాటిని ఎలా అదుపు చేస్తున్నారు అని అతను మిమ్మల్ని అడగాలి, కాగితాలు దగ్గర ఉంచుకోవాలి. నేను చెప్పిన ఆ వాయిల పుస్తకం అప్పుడు అతనికీ ఆధారమవుతుంది. సూట్‌కేసుల్లో కొంచెం కొంచెం పంపి అక్కడ దుకాణంలో పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోమనండి.

అడ్వాన్సు 5,000 గురించి: ఫోన్‌లో వాదించకండి. "ఆడిట్ లేకుండా సర్టిఫికెట్ నాకు వద్దు, నా డబ్బు వెనక్కి పంపండి" అని వాట్సాప్‌లో రాసి పెట్టండి, డబ్బు పంపిన రసీదు జత చెయ్యండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చెయ్యండి. రావచ్చు, రాకపోవచ్చు. మీ వారు ఆ డబ్బు గురించి ఏమన్నా అంటే, ఇంకో పదమూడు వేలు మిగిల్చారని గుర్తు చెయ్యండి.

ఆవకాయ కాలం వచ్చేలోపు మీటరు కొని, వెల్లుల్లి పచ్చడి, ములక్కాడ పచ్చడి, ఈ రెండూ కొలవండి. ఒక్కో దాంట్లో మూడు వాయిలు చూడండి. అవే ల్యాబ్‌కి కూడా పంపి, వాళ్ళ అంకె మీ అంకెతో కలుస్తుందో లేదో సరిపోల్చండి. ఆ ఆరు అంకెలూ నాకు రాయండి. డాలస్‌కి ఏవి పంపాలో, ఏవి ఆపాలో వాటిని చూశాక మాట్లాడుకుందాం.